కుండీలో ఉసిరి

కార్తీకంలో మూడో ఆదివారం.
మద్దిలపాలెం జంక్షన్లో ఆరింటికే బండి పెట్టాను.
పదహారు సీట్లు, పంతొమ్మిది మంది,
డిక్కీలో పులిహోర గంగాళం,
దాని పక్కన, ఒరిగిపోకుండా నా తువ్వాలుతో కట్టేసిన
ఉసిరి మొక్క, నల్ల ప్లాస్టిక్ కుండీలో.

వనభోజనం ఉచితం అని కరపత్రం.
వనం కొట్టేసి నాలుగు నెలలైంది.
ఉసిరి నీడ లేని వనభోజనం ఏటని
ఒక పెద్దావిడ విస్తరి ముందు నుంచి లేచి పోయినప్పుడు
మేనేజరు కడియం నర్సరీకి ఫోన్ చేశాడు.
మూడు వెంచర్లకీ ఇదొక్కటే చెట్టు.
ఆదివారం ఆదివారం దాని ఊరు మారుతుంది,
నాలాగే.

ఆనందపురం దాటాక మంచు.
లోపల అంత్యాక్షరి ఆగిపోయింది.
అద్దాలు దించి అందరూ ఒక్కసారే ‘అబ్బ’ అన్నారు.
ఆ ‘అబ్బ’కి గజం మీద ఐదొందలు పెరుగుద్దంట,
అందుకే ఆ మలుపులో
నన్ను రెండో గేరులో పొమ్మంటాడు.

శొంఠ్యాం కూడా దాటి, ఎర్రమట్టి.
మోకాలెత్తు సున్నం రాళ్ళు, రాయికో నంబరు.
కమాను మీద ‘అరకు వ్యూ’.
అరకు ఇక్కణ్ణించి తొంభై కిలోమీటర్లు,
మధ్యలో కొండలెన్నో నేను లెక్కపెట్టలేదు.
బ్రోచరు నిండా మాత్రం వలిసె పూలు,
చేతికి అంటుకుంటుందేమో అన్నంత పసుపు.

పొలమరశెట్టి నూకరాజు గారు,
పోర్టులో ముప్పయ్యేళ్ళు క్రేను తోలినాయన,
బ్రోచరుని కొండకి ఆనించి పట్టుకుని
ఒక కన్ను మూసి చూశాడు.
‘బావూ, నీళ్ళెక్కడ?’
మేనేజరు చూపించిన వేలికి ఎదురుగా
ట్యాంకు ఉంది, బోర్డు మీద, నీలం రంగులో.

కుండీ దింపి నలభై రెండో ప్లాటు మధ్యలో పెట్టాను.
దాని నీడ ఒక్క విస్తరికి సరిపోయింది.
పంతులు గారు అందులో దేవుడికి వడ్డించి
మిగతావాళ్ళని ఎండలో కూర్చోమన్నారు.

అడ్డాకుల విస్తళ్ళు తెచ్చిన పాంగి సుబ్బి
డబ్బుల కోసం నా బండి నీడలో కాసుక్కూచుంది.
పై కొండల మనిషి,
రైలు దిగి, రెండు ఆటోలు మారి వచ్చింది.
నేల మీద పడున్న బ్రోచరు తీసి, మట్టి దులిపి,
‘ఇది మా కాడి పంటే’ అంది.
‘పూలలో నిలబడి ఫొటో తీసుకుంటే
మనిషికి ఇరవై తీసుకుంటాం.’

నూకరాజు గారి అల్లుడు ఆవులించడం ఆపి అడిగాడు,
ఎకరం ఎంతుండొచ్చు అని.

‘నిలబడితే ఇరవై బాబూ.
ఉండిపోతానంటే దానికి రేటు లేదు.’

బేరం మొదలెట్టిందనుకుని
అతను నలభై అన్నాడు, నవ్వుతూ.
సుబ్బి నవ్వలేదు. విస్తళ్ళ లెక్క మళ్ళీ చూసుకుంది.

పొద్దు వాలేసరికి ఏడు టోకెన్లు.
ఎనిమిదోది నూకరాజు గారిది.
నీళ్ళ సంగతి మళ్ళీ ఎత్తలేదాయన.
సంతకం పెట్టి, పెన్ను మూత కోసం వెతుకుతూ,
‘ముప్పయ్యేళ్ళు గాల్లో కూచున్నాన్రా,
నూట అరవై ఏడు గజాలు
కింద కూచుంటాను’ అన్నాడు, నాకే చెప్పినట్టు.
ఏం చెప్పాలో తెలీక
స్టెప్నీ టైరు నొక్కి చూశాను. గాలి బాగానే ఉంది.

రాత్రి బండి కడుగుతుంటే
సీట్ల కింద సగం తాగిన నీళ్ళ సీసాలు తొమ్మిది.
అన్నీ కుండీలో పోశాను.
కొమ్మకి మూడు కాయలుండాలి, ఒకటే ఉంది.
తువ్వాలు విప్పి కుండీ జరపబోతే జరగలేదు.
టార్చి వేసి చూశాను.
అడుగు కన్నంలోంచి తెల్లటి వేరొకటి బయటికొచ్చి
డిక్కీ రేకుని తడుముతోంది,
తుప్పు పట్టిన చోట కాస్త ఆగి.

లోపలికి నెట్టబోయి ఊరుకున్నాను.
వచ్చే ఆదివారం పద్మనాభం వైపు.
ఆరింటికే బండి.